గొలుసు ఎక్కడ తెగింది? హైదరాబాద్ చెరువుల మధ్య జలజీవుల దారిని గ్రాఫ్‌తో లెక్కగట్టే పద్ధతి

తొలి పెద్ద వానలకు చెరువు నిండి మత్తడి (మిగులు నీళ్ళు పొంగి పోయే గట్టు) దూకిన పొద్దున, కింది నాలా దగ్గరికి వెళ్ళి పది నిమిషాలు నిలబడి చూడండి. నేను అలా నిలబడిన చోట సిమెంటు పైపు నోరు కింది నీటి మట్టానికి జానెడున్నర ఎత్తులో ఉంది. వేలెడంత పరక చేపలు గుంపుగా ఎదురెక్కి వచ్చి ఆ పైపు కిందే ఆగిపోయాయి. ఎగురుతున్నాయి, అంచుకు కొట్టుకుని పడుతున్నాయి, మళ్ళీ ఎగురుతున్నాయి. నేనున్నంతసేపూ ఒక్కటి కూడా ఎక్కలేదు. పైపుకు అవతల అర కిలోమీటరు కూడా లేని దూరంలో నిండు చెరువుంది. నా చేతిలో ఉన్న మ్యాపులో ఆ రెండు చెరువులనూ కలుపుతూ నీలం గీత ఉంది. చేపకు మాత్రం అక్కడ దారి లేదు.

మ్యాపులో ఉన్న గీతకూ చేపకు దొరికే దారికీ మధ్య ఉన్న ఆ తేడాను అంకెల్లో పెట్టడం ఎలాగో ఈ మార్గదర్శిలో చెబుతాను. చెరువుల పరిరక్షణలో తిరిగేవాళ్ళు, పర్యావరణం చదివే విద్యార్థులు, నాలాల పని చూసే ఇంజనీర్లు ఎవరైనా చేయొచ్చు. ఒక ల్యాప్‌టాప్, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్, ఒక స్ప్రెడ్‌షీట్, గట్టి బూట్లు ఉంటే చాలు. లెక్క కూడికలు, గుణకారాలే. కష్టమంతా నాలా వెంబడి నడవడంలో ఉంది.

గ్రాఫ్ అంటే ఇక్కడ ఏమిటి

ఇక్కడ గ్రాఫ్ అంటే పరీక్షల్లో గీసే ఎక్స్, వై గీతల బొమ్మ కాదు. కొన్ని బిందువులు, వాటిని కలిపే గీతలు, అంతే. 1736లో గణితవేత్త ఆయిలర్ కోనిగ్స్‌బర్గ్ ఊరి ఏడు వంతెనల లెక్కను ఇలాగే విప్పాడు. ఊరు ఎంత పెద్దది, నది ఎంత వెడల్పు అన్నవి పక్కన పెట్టి, ఏది దేనితో కలిసింది అన్నదొక్కటే చూశాడు. జీవుల ఆవాసాలకు ఈ చూపు పనికొస్తుందని డీన్ అర్బన్, టిమొతీ కీట్ 2001లో వివరించాక అడవులు, చిత్తడి నేలలు, నదులు చదివేవాళ్ళు దీన్ని విరివిగా వాడుతున్నారు.

మన దగ్గర ఈ ఊహ కొత్తది కాదు. కాకతీయుల కాలం నుంచీ తెలంగాణలో చెరువులు గొలుసుకట్టుగానే ఉన్నాయి. పై చెరువు మత్తడి నీళ్ళు కింది చెరువుకు, దాని మత్తడి ఇంకా కిందికి, చివరికి వాగుకో నదికో చేరతాయి. ఏ చెరువు నిండితే ఏ చెరువుకు నీళ్ళు పోతాయో ఊరి నీరటికి (చెరువు నీళ్ళు చూసుకునే మనిషికి) నోటి మీద ఉండేది. ఆయన మనసులో ఉన్నది గ్రాఫే. మనం దాన్ని కాగితం మీదికి తెచ్చి ప్రతి గీతకూ ఒక విలువ కడుతున్నాం.

అడవికీ నీటికీ ఒక పెద్ద తేడా ఉంది. అడవిలో ఒక దారి మూసుకుపోతే జంతువు చుట్టూ తిరిగి ఇంకో దారిన పోతుంది. గొలుసుకట్టులో సాధారణంగా రెండు చెరువుల మధ్య ఒకటే దారి, చుట్టుదారి ఉండదు. అందుకే ఒక్క కల్వర్టు చెడితే దాని పైనున్న చెరువులన్నీ ఒకేసారి దూరమవుతాయి. రెండో తేడా దిక్కు. నీళ్ళతో పాటు కిందికి జారడం సులువు, ఎదురెక్కడం కష్టం. కాబట్టి ప్రతి గీతకూ రెండు విలువలు రాయాలి, కిందికి ఒకటి, పైకి ఒకటి.

మొదటి అడుగు: ఎవరి కోసం లెక్క?

చాలామంది ఈ అడుగు వదిలేసి నేరుగా మ్యాపు తెరుస్తారు. అక్కడే లెక్క దారి తప్పుతుంది. 'చెరువులు కలిసి ఉన్నాయా' అన్న ప్రశ్నకు జవాబు లేదు. 'ఫలానా జీవికి, ఫలానా కాలంలో కలిసి ఉన్నాయా' అని అడగాలి.

మన రాష్ట్ర చేప కొరమీనును తీసుకోండి. ఊళ్ళలో కొర్రమట్ట అంటారు. అది గాలి కూడా పీల్చుకోగలదు, తడి నేల మీద కొంత దూరం పాకగలదు. పరకను ఆపేసే చోటు దానికి అడ్డే కాకపోవచ్చు. తూనీగకు కల్వర్టుతో పనే లేదు, గాలిలో ఎంత దూరం ఎగరగలదన్నదే చూడాలి. గుర్రపుడెక్కకు పైకి దారి సున్నా, కిందికి దాదాపు ఒకటి. ఒకే చెరువుల మీద జీవికో గ్రాఫ్ వస్తుంది.

చేపను ఎంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త. బొచ్చె, రోహు లాంటివి వద్దు. వాటి పిల్లలను ఏటా తెచ్చి చెరువుల్లో వదులుతారు, కాబట్టి పై చెరువులో రోహు దొరికిందంటే దారి ఉందని కాదు, లారీ వచ్చిందని అర్థం. ఎవరూ తెచ్చి వదలని పరకలు, జెల్లలు లాంటివే దారి ఉందో లేదో నిజం చెబుతాయి.

రెండో అడుగు: చిన్న గొలుసును తీసుకోండి

మొత్తం మూసీ పరీవాహకాన్ని మీద వేసుకోకండి. అనంతగిరి కొండల్లో మొదలై వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే దాకా ఉన్న నదిని ఒక మనిషి నడిచి చూడలేడు. అయిదు నుంచి పదిహేను చెరువులున్న ఒక ఉపపరీవాహకం మొదటిసారికి సరిపోతుంది. హుస్సేన్ సాగర్‌కు నీళ్ళు తెచ్చే కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల్లో ఒకటి తీసుకోవచ్చు. లేదా మీ కాలనీ పక్క చెరువు నుంచి పైకి రెండు, కిందికి రెండు చెరువులతో మొదలుపెట్టండి.

మూడో అడుగు: బిందువులు, గీతలు గుర్తించడం

బిందువులు తేలిక. ఉపగ్రహ చిత్రం మీద చెరువుల అంచులు గీసి, విస్తీర్ణం కొలవండి. పేపర్ మీద ఉన్న ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి మట్టం) విస్తీర్ణం ఒకటి, ఇప్పుడు నీళ్ళు నిలిచే విస్తీర్ణం ఇంకొకటి. చేపకు రెండోదే లెక్క. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాల నుంచి 1984 తర్వాత ఎక్కడ ఎన్ని నెలలు నీళ్ళున్నాయో చూపే ప్రపంచ ఉపరితల జలాల మ్యాపు ఉచితంగా దొరుకుతుంది. ఏ కుంట మే నెలకల్లా ఎండిపోతుందో అందులో తెలిసిపోతుంది. నీళ్ళు కనబడకుండా గుర్రపుడెక్క కప్పేసిన చెరువును అది నేల అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఒకసారి వెళ్ళి చూడండి.

కొలతలకు ముందు మ్యాపును యూటీఎం (దూరాలు మీటర్లలో కొలిచే మ్యాపు పద్ధతి) 44వ జోన్‌లో పెట్టుకోండి. హైదరాబాద్ ఆ జోన్‌లోదే. పడమరన మూసీ పుట్టిన వైపుకు పోతే 78 డిగ్రీల రేఖ దాటి 43వ జోన్ వస్తుంది. పని మొత్తానికీ ఒక్క 44నే ఉంచండి, లేకపోతే పొరలు ఒకదాని మీద ఒకటి కూర్చోవు.

గీతల దగ్గరే అసలు చిక్కు. పుస్తకాల్లో చెప్పే పద్ధతి ప్రకారం ఉపగ్రహం ఇచ్చిన ఎత్తుల మ్యాపు తీసుకుని నీళ్ళు ఎటు పారతాయో సాఫ్ట్‌వేర్‌ను అడగాలి. పల్లెల్లో అది బాగానే పని చేస్తుంది. నగరంలో మాత్రం మోసపోతాం. ఆ మ్యాపులో ఒక్కో గడి 30 మీటర్లు, మన నాలా మూడు నాలుగు మీటర్లు. పైగా అపార్ట్‌మెంట్ కప్పు కూడా దానికి గుట్టే, రోడ్డు కట్ట కూడా ఆనకట్టే. నా మొదటి గ్రాఫ్‌లో సాఫ్ట్‌వేర్ ఒక చెరువు నీళ్ళను పక్క పరీవాహకంలోకి పంపింది. నేను నమ్మి రెండు వారాల లెక్క దాని మీదే చేశాను. తర్వాత నడిచి చూస్తే నాలా రోడ్డు కిందుగా నేరుగా పోతోంది. ఆ రెండు వారాల పనీ తీసేయాల్సి వచ్చింది.

అందుకని మూడు ఆధారాలు పక్కపక్కన పెట్టుకోండి. ఒకటి, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు, వాగులు చూపే మ్యాపులు. హైదరాబాద్ 56 కె వరసలో వస్తుంది. పాత షీట్లలో నగరం పెరగకముందు నాలాలు ఎటు పోయేవో ఉంటుంది. రెండు, ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లోని ఉపగ్రహ చిత్రాలు. ఇవి ఇచ్చే ఎన్‌ఆర్‌ఎస్‌సీ (నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్) మన బాలానగర్‌లోనే ఉంది. మూడు, ఆ చుట్టుపక్కల నలభై యాభై ఏళ్ళుగా ఉంటున్నవాళ్ళ మాట. 2020 అక్టోబర్ వానలకు మీ వీధిలో నీళ్ళు ఎటు నుంచి వచ్చి ఎటు పోయాయని అడగండి. పూడిపోయిన కాలువ దారి వాళ్ళు చేయి చాపి చూపిస్తారు.

నాలుగో అడుగు: నడక

ప్రతి గీతను మొదటి నుంచి చివరి దాకా నడవాలి. వాన పడుతున్నప్పుడు నాలాలోకి దిగొద్దు, ఒంటరిగా వెళ్ళొద్దు. మూతలేని మ్యాన్‌హోళ్ళు, ఒక్కసారిగా వచ్చే ప్రవాహం ప్రాణాలు తీస్తాయి. వాన తెరిపిచ్చాక గట్టు మీద నుంచి చూసినా చాలా తెలుస్తుంది.

అడ్డు కనిపించిన ప్రతిచోటా ఫొటో తీసి ఇవి రాసుకోండి: నీళ్ళు దూకే ఎత్తు, దూకిన చోట గుంట లోతు, పైపు పొడవు, లోపల నీటి లోతు, చెత్త ఆపడానికి పెట్టిన ఇనుప జాలీ సందుల వెడల్పు, ఏడాదిలో ఎన్ని రోజులు పారుతుందన్న అంచనా. వీటిలో గుంట లోతును ఎవరూ పట్టించుకోరు. చేప ఎగరాలంటే కింద పరుగు తీసుకోవడానికి లోతు కావాలి. మెట్టు ఎత్తు జానెడే అయినా కింద సిమెంటు పరిచి రెండు వేళ్ళ నీళ్ళే ఉంటే చిన్న చేప ఎగరలేదు. అదే మెట్టు కింద మోకాలి లోతు గుంట ఉంటే కొన్ని ఎక్కుతాయి.

కంటికి కనబడని అడ్డు మురుగు. వానలేని రోజుల్లో నగరం నాలాల్లో పారేది చాలావరకు అదే. నీటిలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చాలా చేపలు తట్టుకోలేవు. గోడ లేకపోయినా అక్కడ దారి మూసుకుపోయినట్టే. పెద్ద వానకు నీళ్ళు పలచబడిన కొద్ది రోజులే అది తెరుచుకుంటుంది.

కట్ట మీద వల బాగుచేసుకుంటున్న ఒక తాత నాకు ఈ మాట చెప్పాడు: "కొత్త నీళ్ళ వాసనకే చేప ఎదురెక్కుతది బిడ్డా. ఆ రెండు మూడు దినాలు తోవ లేకుంటె ఏడాదంత లేనట్టె." ఆ మాటతో నేను నా పట్టికలో ఏడాది సగటు తీసేసి, తొలి మత్తడి వారాన్ని పెట్టుకున్నాను. గంగపుత్రులు, ముదిరాజ్‌ల చేపల సంఘాల్లో ఉన్నవాళ్ళతో ఒక పూట కూర్చుంటే ఇలాంటివి పది తెలుస్తాయి.

అయిదో అడుగు: గీతకు విలువ కట్టడం

ప్రతి గీతకూ ఒక్కో దిక్కుకు సున్నా నుంచి ఒకటి మధ్య ఒక విలువ ఇస్తాం. సున్నా అంటే ఏదీ దాటదు, ఒకటి అంటే అన్నీ దాటతాయి. దీన్ని దాటుడు అవకాశం అనుకోండి. రెండు చెరువుల మధ్య మూడు అడ్డులుంటే మూడింటి విలువలూ గుణించాలి. 0.5, 0.5, 0.5 అయితే 0.125. అడ్డు ఒక్కొక్కటీ చిన్నదే అయినా వరసగా వస్తే దారి ఎంత త్వరగా సన్నబడుతుందో చూడండి.

ఈ విలువలు ఎక్కడి నుంచి వస్తాయి? వీలైతే లెక్కపెట్టండి. మత్తడి రోజున పైపు కింద అరగంట కూర్చుని ఎన్ని ఎగిరాయి, ఎన్ని ఎక్కాయి రాయండి. ఒకే చేప పదిసార్లు ఎగరొచ్చు కాబట్టి వచ్చే విలువ నిజం కంటే తక్కువే ఉంటుంది, అది గుర్తుంచుకోండి. వీలుకాని చోట 0, 0.1, 0.5, 0.9 అనే నాలుగు మెట్లలోనే పెట్టండి. 0.37 లాంటి అంకెలు వేయొద్దు. అంత కచ్చితంగా మనకు తెలియదు, చదివేవాళ్ళకు తెలుసనిపిస్తుంది.

ఆరో అడుగు: లెక్క

ఒక ఊహా గొలుసు తీసుకుందాం. పై నుంచి కిందికి నాలుగు చెరువులు, వాటికి అక్షరాలే పేర్లు: 'అ' 10 ఎకరాలు, 'ఆ' 20, 'ఇ' 30, 'ఈ' 40. మొత్తం 100. కిందికి ప్రతి గీత విలువా 0.9. పైకి మాత్రం 'ఆ' నుంచి 'అ'కు 0.5, 'ఇ' నుంచి 'ఆ'కు 0.1, 'ఈ' నుంచి 'ఇ'కు 0.5. 'ఆ', 'ఇ'ల మధ్య నేను పైన చెప్పిన పైపు లాంటిది ఉందన్నమాట.

ప్రతి జత చెరువులకూ విస్తీర్ణాలను గుణించి, వాటి మధ్య దారి విలువతో గుణించాలి. రెండు దిక్కులూ విడివిడిగా లెక్కించాలి. చెరువు తనతో తాను జత కట్టడం కూడా లెక్కలోకి వస్తుంది, దాని దారి విలువ 1. అన్నీ కూడి మొత్తం విస్తీర్ణం వర్గంతో భాగించాలి. సౌరా, పాస్కువాల్ హోర్టల్ 2007లో ప్రతిపాదించిన అనుసంధాన సంభావ్యత సూచిక ఇదే.

తనతో తాను: 100, 400, 900, 1600, కలిపి 3000.
అ-ఆ: 200ను 0.9, 0.5ల మొత్తంతో గుణిస్తే 280.
ఆ-ఇ: 600ను 0.9, 0.1ల మొత్తంతో గుణిస్తే 600.
ఇ-ఈ: 1200ను 1.4తో, 1680.
అ-ఇ: 300ను 0.81, 0.05ల మొత్తంతో, 258.
ఆ-ఈ: 800ను 0.86తో, 688.
అ-ఈ: 400ను 0.729, 0.025ల మొత్తంతో, 301.6.

మొత్తం 6807.6. దాన్ని 100 వర్గం 10,000తో భాగించి శాతంగా రాస్తే 68.1. దారులన్నీ పూర్తిగా తెరిచి ఉంటే 100 వచ్చేది.

ఇప్పుడు 'ఆ' అనే చెరువు పూడ్చేశారనుకోండి. 20 ఎకరాలు, అంటే నీటిలో అయిదో వంతు. దానితో పాటు 'అ' కూడా తెగిపోతుంది. మిగిలేది 4280, అంటే 42.8. సూచికలో 37 శాతం పోయింది. అదే చివరనున్న 'అ' పోతే పోయేది దాదాపు 14 శాతమే. ఇంకోటి చూడండి: 40 ఎకరాల 'ఈ' పోతే 62.7 శాతం నష్టం, 30 ఎకరాల 'ఇ' పోతే 65 శాతం. నడుమ ఉన్న చెరువు తనకంటే పెద్ద చెరువుతో సమానంగా, కాస్త మించి తూగుతోంది. 'అది చిన్న కుంటే కదా' అనే వాళ్ళ ముందు పెట్టాల్సిన అంకె ఇది. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదిరింది ఈ లెక్క దగ్గరే.

చెరువులన్నీ ఉంచి 'ఆ', 'ఇ'ల మధ్య నాలాను మాత్రమే మూసేసినా 49.6కు పడిపోతుంది. ఒక్క ఎకరం నీరు కూడా తగ్గలేదు, రికార్డుల్లో చెరువులన్నీ భద్రం. అయినా సూచికలో నాలుగో వంతుకు పైగా పోయింది. చెరువుకు ఎఫ్‌టీఎల్, చుట్టూ వదలాల్సిన బఫర్ అని అడిగేవాళ్ళున్నారు. నాలా కోసం అంత గట్టిగా అడిగేవాళ్ళు తక్కువ.

నదుల్లో చెరువులకు బదులు అడ్డుల మధ్య ఉన్న నది ముక్కలను బిందువులుగా తీసుకుని, విస్తీర్ణం స్థానంలో పొడవు వేస్తారు. కోట్, సహచరులు 2009లో ఇచ్చిన వృక్షాకార అనుసంధాన సూచిక ఆ పద్ధతిదే, లెక్క ఇలాంటిదే. మూసీ మీద 1920 నాటి ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927 నాటి హిమాయత్ సాగర్ లాంటి పెద్ద కట్టలుంటే అది మేలు.

చెరువులు పదికి మించితే చేత్తో చేయకండి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో నెట్‌వర్క్‌ఎక్స్, ఆర్ అనే భాషలో ఐగ్రాఫ్ ఉన్నాయి, ఇదే పనికి కోనెఫర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. రెండు తూములు, రెండు దారులున్న చెరువుల్లో ఏ దారి మెరుగో వెతకాలంటే ఒక చిట్కా. ప్రతి విలువకూ సహజ లాగరిథం తీసి గుర్తు మార్చండి. 0.9 అయితే 0.105, 0.1 అయితే 2.303 అవుతుంది. గుణకారం కూడికగా మారుతుంది, అతి చిన్న దారి వెతికే మామూలు ప్రోగ్రామే మీకు మేలైన దారిని ఇస్తుంది. సున్నా ఉన్న గీతను ముందే తీసేయండి, దానికి లాగరిథం లేదు.

ఏడో అడుగు: ఏది ముందు బాగుచేయాలి?

డబ్బు ఒక్క పనికే ఉందనుకుందాం. 'ఆ', 'ఇ'ల మధ్య పైపు సరిచేసి పైకి విలువను 0.1 నుంచి 0.5కు తెస్తే సూచిక 73.1 అవుతుంది. బదులుగా 'ఇ', 'ఈ'ల మధ్య 0.5ను 0.9 చేస్తే 73.3. అంకెను బట్టి రెండోదే గెలిచింది, పెద్ద చెరువులు రెండూ అక్కడున్నాయి కాబట్టి.

కానీ నేనైతే మొదటిదే చేస్తాను. పైనున్న కుంటలు ఎండాకాలంలో ఎండిపోతాయి, ఏటా కింది నుంచి వచ్చిన చేపలతోనే మళ్ళీ నిండాలి. 'ఈ' నుంచి 'ఆ'కు ఎక్కే అవకాశం మొదటి పనితో 0.05 నుంచి 0.25 అవుతుంది, రెండో పనితో 0.09 దగ్గరే ఆగిపోతుంది. మొత్తం సూచికలో ఇది కనిపించదు. మొదటి అడుగులో మీరు అడిగిన ప్రశ్న ఏమిటో దాని ప్రకారం ఎంచుకోవాలి.

విలువలు అంచనాలే కాబట్టి ప్రతిదాన్నీ ఒక మెట్టు పైకి, ఒక మెట్టు కిందికి జరిపి లెక్క మళ్ళీ చేయండి. ఏ మార్పు చేసినా పై వరసలోనే నిలిచే నాలాలను మాత్రమే గట్టిగా చెప్పండి.

దారి తెరవడం అన్నిచోట్లా మంచిది కాదు. కింది చెరువులో మిగతా చేపలను తినేసే ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ ఉండి పై చెరువులో ఇంకా లేకపోతే, మనం కష్టపడి తీసిన దారిన ముందు ఎక్కేది అదే. అందుకే అడ్డు తీసే ముందు రెండు వైపులా వలలో ఏం పడుతున్నాయో కనుక్కోండి. మురుగు సంగతీ అంతే. పై చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్ళు వస్తుంటే ముందు ఆ నీళ్ళు ఆపాలి.

చివరి అడుగు: మళ్ళీ మత్తడి దగ్గరికి

పైపు తవ్వి మార్చాలంటే ఫైళ్ళు, ఖర్చు, టెన్షన్. చాలాచోట్ల అంత అవసరం లేదు. అధికారుల అనుమతితో పైపు నోటి కింద పెద్ద రాళ్ళు మెట్లుగా పేర్చి, మధ్యలో మోకాలి లోతు గుంట ఉండేలా చూస్తే దూకే ఎత్తు రెండు మూడు చిన్న మెట్లుగా విడిపోతుంది. వరద నీళ్ళకు అడ్డు కాకుండా, చెత్త చిక్కుకోకుండా ఇంజనీరుతో చూపించుకోండి.

తర్వాతి వానాకాలం, అదే తొలి మత్తడి వారంలో, అదే చోట అరగంట కూర్చోండి. ఇరవై ప్రయత్నాల్లో ఎనిమిది ఎక్కాయనుకోండి. పట్టికలో 0.1 కొట్టేసి 0.4 రాయండి. సూచిక 68.1 నుంచి 71.8కి వస్తుంది. తేదీ, ఆ రోజు నీటి లోతు, ఎక్కిన చేప పేరు ఆ పక్క గడిలో రాసి పెట్టండి. వచ్చే ఏడు అదే పైపు దగ్గర కూర్చునేవాళ్ళకు అవి కావాలి.